నిడు మాట, కురచ మాట

నిడుగల్లు అన్న పేరులోనే ఒక పాఠం దాగుంది. నిడు అంటే పొడుగు, కల్లు అంటే రాయి. ఇప్పుడు కల్లు అనగానే ఈతచెట్టూ ముంతా గుర్తొస్తాయి గానీ, వంటింట్లో సన్నికల్లు ఉన్నన్నాళ్లూ ఆ పాత అర్థం చచ్చిపోయిందని అనలేం. నిడు పక్కకు చేరేసరికి కల్లులోని క మెత్తబడి గ అయింది. ఓరుగల్లులోనూ జరిగింది ఇదే. కన్నడ బడిలో దీన్ని ఆదేశ సంధి అంటారు. మళె, కాల కలిసి మళెగాల అయిందని చెప్పే పాఠమే. తెలుగు వ్యాకరణంలో గసడదవాదేశం దీనికి దగ్గరి చుట్టం. అన్నాతమ్ముడూ కలిస్తే అన్నదమ్ములు, తల్లీతండ్రీ కలిస్తే తల్లిదండ్రులు అయ్యేది దానివల్లే. 12, 13 శతాబ్దాల్లో ఇరుంగోళ అన్న పేరు పెట్టుకున్న చోళ సామంతులు ఏలిన కొండకోట ఈ నిడుగల్లు. ఇవాళ అది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది. మ్యాపులో చూస్తే ఆ తాలూకా కర్ణాటక నుంచి తెగి ఆంధ్రలోకి జారిపడినట్టుంటుంది. చుట్టూ మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం సీమలు. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు సర్దుకున్నప్పుడు పావగడ మైసూరులోనే ఉండిపోయింది. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో పొయ్యి దగ్గర తెలుగు, పలక మీద కన్నడ.

ఇలాంటి ఇళ్లలో తెలుగుకు ఇంటి బడే దిక్కు. ఇంటి బడి అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. బడికి పంపకుండా తల్లిదండ్రులే చదువు చెప్పుకునే క్రైస్తవ కుటుంబాలు, వాళ్ల కోసం అబెకా, బాబ్ జోన్స్ యూనివర్సిటీ ప్రెస్ లాంటి సంస్థలు 1970ల నుంచి అచ్చేస్తున్న పాఠ్యపుస్తకాలు మనసులో మెదులుతాయి. నిడుగల్లు సీమలో ఆ అర్థంలో ఇంటి బడిని వెతకడం కన్నా, ఇక్కడ తెలుగు పరిస్థితే ఇంటి బడి పరిస్థితి అని గుర్తించడం ఎక్కువ పనికొస్తుంది. కన్నడ మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివే పిల్లకు తెలుగు అక్షరం వస్తే ఇంట్లోనే రావాలి, తెలుగు మాట ఎలా కలుస్తుందో ఎలా విడిపోతుందో ఇంట్లోనే తెలియాలి. తెలుగు బైబిలు చదివే క్రైస్తవ ఇళ్లకు ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. రాత్రి భోజనానికి ముందో తర్వాతో కుటుంబ ప్రార్థన, ఒక అధ్యాయం చదవడం, ఆదివారం సండేస్కూలుకు ఒక కంఠత వాక్యం. అంటే బడి సాయం లేకుండానే రోజూ అచ్చు తెలుగు బిగ్గరగా వినబడే ఇళ్లివి. చిన్నపిల్లలకు మాటల కుదింపు ఎలా నేర్పాలి అన్న ప్రశ్నను ఇలాంటి ఇంట్లో పెట్టి చూస్తే, బడిలో కనబడని కొన్ని సంగతులు బయటపడతాయి.

ముందు, ఇప్పటిదాకా నడిచిన పద్ధతులు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయింది. సంజ్ఞా పరిచ్ఛేదం కాగానే సంధి పరిచ్ఛేదం మొదలవుతుంది. పేరులో బాల ఉన్నా ఆ సూత్రాలు చిన్నపిల్లల నోటికి అందేవి కావు. అయినా నూటయాభై ఏళ్లుగా బళ్లో సంధి పాఠం దాని నీడలోనే నడుస్తోంది. విడి పదాలు రెండు ఇస్తారు, కలపమంటారు, ఏ సంధో పేరు చెప్పమంటారు. ఇంగ్లీషు ఇంటి బడుల పద్ధతి పైకి వేరుగా కనిపిస్తుంది గానీ నడక ఒకటే. కాగితానికి ఎడమ పక్కన డూ నాట్, కుడి పక్కన డోంట్. గీత గీసి కలపాలి, పడిపోయిన అక్షరం చోట అపాస్ట్రఫీ పెట్టాలి. మూడోది సండేస్కూలు పద్ధతి: వివరణ ఏమీ ఉండదు, వాక్యం వచ్చేదాకా వల్లె వేయడమే. మూడింట్లో నాకు ఎక్కువ గౌరవం ఈ మూడోదాని మీదే, ఎందుకంటే అది చెవితో మొదలవుతుంది. కాకపోతే చెవి దగ్గరే ఆగిపోతుంది. మొదటి రెండూ విడి మాట నుంచి కలిసిన మాటకు, నిడు మాట నుంచి కురచ మాటకు నడుస్తాయి. తెలుగు పిల్లకు ఆ నడక తిరగబడాలి. కురచ మాట ఆమె నోట్లో ముందే ఉంది. కొత్తగా నేర్వాల్సింది నిడు మాట.

ఆరేళ్ల పిల్ల ఇంట్లో అంటుంది, నోట్లో అంటుంది, కంట్లో అంటుంది. ఇంటి, లో అనే రెండు ముక్కలుగా ఆమె ఎన్నడూ వినలేదు. ఆమెకు ఇంటి, లో ఇచ్చి కలపమంటే, తెలిసినదాన్ని తెలియనిదానిలోంచి పుట్టించమన్నట్టు. అదే ఇంట్లో అని చెప్పి చప్పట్లు కొట్టమంటే రెండు కొడుతుంది. మెల్లగా, ముసలమ్మకు వినబడేట్టు చెప్పు అంటే ఇంటిలో అని సాగదీసి మూడు కొడుతుంది. ఆ అదనపు చప్పట్లో దొరికిన ఇకారమే పాఠం. తర్వాత బడిలో అన్న మాట బళ్లో ఎందుకయింది, గుడిలో గుళ్లో ఎందుకయింది, ఒడిలో ఒళ్లో ఎందుకయింది అని అడిగితే ఇంకోటి తేలుతుంది: ట అయితే నిలబడుతుంది, డ అయితే లకారాన్ని తాకి ళగా మారుతుంది. మరి బండిలో? బండ్లో. అక్కడ డకు ముందు సున్నా అండగా ఉంది కనక అది కరగలేదు. ఈ సూత్రం ఎవరూ ఆమెకు చెప్పి ఉండరు. ఇంతకు ముందెన్నడూ వినని మాట ఒకటి కల్పించి, జండి అనుకుందాం, దాంట్లో పెట్టు అంటే ఆమె జండ్లో అంటుంది. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు పసిపిల్లలకు వగ్ అనే లేని జంతువు బొమ్మ చూపించి, రెండుంటే ఏమంటారని అడిగి, పిల్లలు విన్నమాట అప్పజెప్పడం కాదు, సూత్రం పట్టుకుని మాట్లాడతారని నిరూపించింది. జండ్లో మన ఊరి వగ్.

పెద్దల విషయంలోనూ సాక్ష్యం ఇటే చూపుతుంది. చర్చి మిషనరీ సొసైటీ పాదిరి ఆర్డెన్ 1873లో ఇంగ్లీషువాళ్ల కోసం తెలుగు వ్యాకరణం రాశాడు. ఆయన వాడుక రూపాలు ముందు నేర్పి, గ్రాంథిక రూపాలు తర్వాతికి ఉంచాడు. బజారులో పనికొచ్చేది ముందు అన్న లెక్క కావచ్చు, ఫలితం మాత్రం బోధన క్రమమే. అంతకు ముందే సి.పి. బ్రౌన్ తన వ్యాకరణంలో పండితుల సంధి పట్టింపుతో విసిగి, మాట్లాడే భాషను పక్కకు నెట్టొద్దని వాదించాడు. 20వ శతాబ్దం మొదట్లో గిడుగు వెంకట రామమూర్తి బడి పుస్తకాల భాష మీద చేసిన పోరాటంలో పెద్ద భాగం ఈ కుదింపుల గురించే: పిల్లవాడు చేస్తున్నాను అంటుంటే చేయుచున్నాను అని రాయించడం ఎందుకన్నది ఆయన ప్రశ్న. వాడుక భాష గెలిచింది, పాఠ్యపుస్తకాలు మారాయి. తెలుగు బైబిలు మాత్రం, ఎక్కువ సంఘాలు చదివే పాత అనువాదంలో, ఆ గెలుపుకు ముందున్న భాషలోనే ఉండిపోయింది. చెప్పుచున్నాను, చేయవలెను, వచ్చెను, యుండెను. గిడుగు అభిమానులకు ఇది కొరత. ఇంటి బడికి ఇది నిధి. నిడు మాటలు ఇంత చిక్కగా, ఇంత రోజువారీగా, అమ్మ గొంతులో వినబడే చోటు తెలుగునాట ఇప్పుడు ఇంకెక్కడుంది?

ఈ నిధిని దగ్గరగా చూద్దాం. ఆదికాండము మొదటి వాక్యంలోనే ఆదియందు అనే మాట ఉంది. ఆది, అందు. రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో య వచ్చి కూచుంది, యడాగమం. అదే వాక్యం కన్నడ బైబిల్లో ఆదియల్లి అని మొదలవుతుంది. ఆది, అల్లి, నడుమ అదే య. కన్నడ మాస్టారు దాన్ని ఆగమ సంధి అంటాడు. రెండు భాషల్లో రెండు పేర్లు, వచ్చిన చుట్టం ఒక్కడే. తెలుగు వాక్యంలో ఆ తర్వాత రెండు మాటలకే భూమ్యాకాశములు. భూమిలోని ఇకారం ఆకాశపు ఆకారం ముందు యకారంగా కుదించుకుంది, యణాదేశం. ఇది మటుకు సంస్కృతం నుంచి వచ్చిన కలయిక, పిల్ల నోట పుట్టేది కాదు. ఇంట్లో ఆమె భూమీ ఆకాశం అంటుంది. కాబట్టి ఆరేళ్లకు ఆదియందు చాలు, భూమ్యాకాశములు పదేళ్లకు. ఒకే వాక్యంలోని రెండు కలయికల్లో ఒకటి పిల్లకు అందేది, ఒకటి అందనిది అని గుర్తుపట్టగలగడమే బోధించే పెద్దలకు కావలసిన తెలివి. సూత్రాల పట్టిక ఆ తెలివిని ఇవ్వదు. అందులో యడాగమం, యణాదేశం పక్కపక్కనే సమానంగా కూచుంటాయి.

ఇక వలెను. చేయవలెను అన్న మాటలో నాలుగు శతాబ్దాల చరిత్ర ఉందన్నట్టు వ్యాఖ్యానాలు అక్కర్లేదు. వలె అరిగి ఆలి అయింది, చేయవలెను చేయాలి అయింది, పావగడ నోట చేయాల అయింది. చెప్పవద్దు చెప్పొద్దు అయింది. ఇంగ్లీషు డోంట్‌కు మన జోడీ ఇదే, కాకపోతే మనకు అపాస్ట్రఫీ లేదు. అకారమూ వకారమూ కలిసి ఒకారమైపోయాయి, పోయిన అక్షరం గుర్తు పెట్టకుండానే పోయింది. ఆజ్ఞల భాష పిల్లకు బాగా తెలిసిన భాష. రోజంతా ఆమె వినేవి చెయ్యాల, చెయ్యొద్దు అనే రెండే. అవే పది ఆజ్ఞల్లో చేయవలెను, చేయకూడదు అని వినబడితే, అమ్మ మాటకూ పుస్తకం మాటకూ చుట్టరికం తనంతట తనే పట్టేస్తుంది.

ఇక్కడ ఈ సీమకే చెందిన ఒక మెలిక ఉంది. కోస్తా తెలుగు, పాఠ్యపుస్తకాల తెలుగు వచ్చాను అంటాయి. అనంతపురం వైపు, పావగడ వైపు వచ్చినాను అనో, చివర తెంపేసి వచ్చినా అనో అంటారు. అంటే ఇక్కడి ఇంటి మాటే అచ్చు మాట కన్నా నిడుగా ఉంది. అచ్చు తెలుగు కుదించుకున్న నకారాన్ని ఈ యాస కాపాడుకుంది. మరోవైపు వస్తున్నాడు అనే చోట ఇక్కడ వస్తాండాడు అంటారు. వస్తా ఉండాడు అన్నది జారి అట్లా అయింది. బైబిల్లో వచ్చుచున్నాడు. మూడు రూపాలూ ఒకే కుటుంబమని పిల్లకు చెప్పాలే గానీ, ఒకటి ఒప్పు, ఒకటి తప్పు, ఒకటి పవిత్రం అని చెప్పకూడదు. యాసను దిద్దడానికి నిడు మాటను బెత్తంలా వాడితే పిల్ల రెండింటికీ దూరమవుతుంది: ఇంటి మాట సిగ్గుపడాల్సిందిగా, పుస్తకం మాట భయపడాల్సిందిగా మిగులుతుంది.

పవిత్రం అన్న మాట వచ్చింది కనక, భక్తిగల ఇళ్లలో మొదట వినబడే అభ్యంతరమే ముందు. దేవుని వాక్యం నిడుగా, నిండుగా ఉంది. దాన్ని వాడుక మాట పక్కన పెట్టి విప్పి చూపించడం చులకన చేయడం కాదా? ఇంగ్లీషు క్రైస్తవ ఇంటి బడుల్లోనూ ఇలాంటి జంకు ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో డోంట్, కాంట్ లాంటివి ఎక్కడా కనబడవు. అందుకని కుదింపులు మర్యాద తక్కువ మాటలనీ, ప్రార్థనలో వాడరాదనీ ఒక భావం అక్కడ స్థిరపడింది. ఈ భావానికి జవాబు వెతుక్కోవడానికి బైబిలు దాటి పోనక్కర్లేదు. హల్లెలూయ అన్న కేక హెబ్రీలో రెండు మాటలు: హల్లెలూ, అంటే స్తుతించండి, యా, అంటే యెహోవా నామానికి కురచ రూపం. ఆరాధనలో అన్నిటికన్నా ఎక్కువగా పలికే మాటే ఒక కుదింపు. మోషే తర్వాత ఇశ్రాయేలును నడిపిన నాయకుడి పేరు యెహోషువ. అదే పేరు చెర నుంచి తిరిగొచ్చిన కాలానికి కుదించుకుని యేషూవ అయింది. ఎజ్రా గ్రంథంలో యాజకుడి పేరు అది. గ్రీకు మీదుగా వచ్చి మనకు యేసు అయింది. మూడూ ఒకే తెలుగు బైబిల్లో ఉన్నాయి. ఆ యేసు తెలుగు ఇంట్లో అడుగుపెట్టి ఇంకో అడుగు వేశాడు. యేసు, అయ్య కలిసి యేసయ్య. ఉత్తుకు అచ్చు ఎదురైతే ఉత్తు తప్పుకోవడం ఉత్వ సంధి. మాటలు సరిగా రాని పిల్ల కూడా పలికే ఉదాహరణ ఇది. రామయ్య, సోమయ్య అన్నంత చనువుగా దేవుణ్ణి పిలవడానికి తెలుగు విశ్వాసులకు దారి ఇచ్చింది ఒక సంధి. కుదింపులో చులకన ఉందనేవాళ్లు ముందు ఈ పిలుపును వదులుకోవాలి.

వాడుక కుదింపుల మీద కోపం కొత్తదీ కాదు, మన ఒక్కరిదీ కాదు. 1710లో జొనాథన్ స్విఫ్ట్ టాట్లర్ పత్రికలో ఇంగ్లీషువాళ్లు మాటలను నరికి పొట్టి చేస్తున్నారని మండిపడ్డాడు. లాటిన్ మాటల జంట నుంచి తెగిపడిన మాబ్ అన్న మాట ఆయనకు పరమ అసహ్యం. ఇవాళ మాబ్ మంచి ఇంగ్లీషు. బెర్నార్డ్ షా ఇంకో చివరికి పోయి, డోంట్, వోంట్‌లలో అపాస్ట్రఫీయే అక్కర్లేదని తన నాటకాలను అలాగే అచ్చేయించాడు. ఒకరికి కుదింపే తప్పు, ఇంకొకరికి దాని గుర్తు కూడా దండగ. భాష ఇద్దరి మాటా వినలేదు.

వ్యాకరణం తెలిసినవాళ్ల అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. సంధి వేరు, వాడుక కుదింపు వేరు. రెంటినీ ఒకే గాటన కట్టడం శాస్త్రం కాదు అంటారు. నిజమే. దేవుడున్నాడు అన్నదాన్ని దేవుడు, ఉన్నాడు అని ఎప్పుడైనా విడదీసుకోవచ్చు, రెండు ముక్కలూ బతికే ఉంటాయి. ఇంట్లో అన్నది ఒకే మాట లోపల జరిగిన అరుగుదల. చేయాలి అన్నదాన్ని విప్పితే దొరికే వలెను ఇవాళ బజారులో నడవదు. పై తరగతుల్లో ఈ తేడా తప్పకుండా చెప్పాలి. ఏడేళ్ల చెవికి మాత్రం రెండింట్లోనూ వినబడేది ఒకటే: రెండు చప్పుళ్లు దగ్గరికొస్తే ఒకటి తగ్గుతుంది. వినడం కుదిరాక పేరు పెట్టడం సులువు. పేరు ముందొస్తే, వినకుండానే పేరు రాసి మార్కులు తెచ్చుకునే పిల్లలు తయారవుతారు. సవర్ణదీర్ఘ సంధి అని గడగడా చెప్పి, దేవాలయంలో ఏం కలిసిందంటే దేవా, లయం అనే పిల్లలు ఏ బళ్లోనైనా కనబడతారు. ఆ జవాబులో పిల్ల తప్పు తక్కువ, పద్ధతి తప్పు ఎక్కువ.

మూడో అభ్యంతరం పావగడ తల్లిదండ్రులది, చాలా లౌకికమైనది. పరీక్ష కన్నడలో, ఉద్యోగం ఇంగ్లీషులో. తెలుగు సంధులతో పిల్లకు బరువెందుకు? దీన్ని కొట్టిపారేయడం సులువు కాదు, సరి కూడా కాదు. 2015లో వచ్చిన చట్టంతో కర్ణాటక బళ్లన్నింట్లో కన్నడ నేర్వడం తప్పనిసరి అయింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది గానీ, అధికరణాన్ని పలక మీద దిద్దుకోలేం కదా. అయితే ఈ బరువు లెక్కలో ఒక పొరపాటుంది. తెలుగు కుదింపు విప్పడం నేర్చిన పిల్లకు కన్నడది ఉచితంగా వస్తుంది. పాఠంలో మాడుత్తేనె, నోట్లో మాడ్తీని. పాఠంలో మాడువుదిల్ల, నోట్లో మాడల్ల. తెలుగులో చేయుచున్నాను, చేస్తున్నాను ఎట్లాంటి జంటో ఇదీ అట్లాంటిదే. చుట్టరికాల పేర్లు చూడండి. చిన్న, అమ్మ కలిసి చిన్నమ్మ. చిక్క, అమ్మ కలిసి చిక్కమ్మ. పెద్ద, అమ్మ పెద్దమ్మ. దొడ్డ, అమ్మ దొడ్డమ్మ. పక్కింట్లో కన్నడ చుట్టాలున్న పిల్ల రెండు వరసలూ పిలుస్తూనే ఉంటుంది. రెండింట్లోనూ పడిపోయింది ఒకే అకారం. తెలుగు పుస్తకం దీన్ని అత్వ సంధి అన్నా, కన్నడ పుస్తకం లోప సంధి అన్నా, ఆమె పడిపోయిన ఆ అకారాన్ని ఏడో ఏటే చూసింది. ఇక చిన్ననాయన చిన్నాయన అయ్యే చోట ఏకంగా ఒక నకారమే మాయమైంది. దాన్ని ఏ సంధిలో వేయాలో పెద్దలు తేల్చుకునేలోపు చిన్నాయన వచ్చి వెళ్లిపోతాడు. లిపి కూడా అడ్డం కాదు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు చాలావరకు తలకట్టు మార్చుకున్న పాత స్నేహితులే.

ఇంగ్లీషు సంగతి వేరు, వేరని ఒప్పుకోవాలి. అమెరికాలో పిల్ల డోంట్ అంటూ పెరుగుతుంది, డూ నాట్ ఆమెకు పుస్తకం మాట. అక్కడి అభ్యాస పత్రాలు కూడా నిజానికి తిరగబడే నడవాలి. ఇక్కడి పిల్లకు డోంటూ కొత్తే, డూ నాటూ కొత్తే. కాబట్టి ఇంగ్లీషులో రెండూ జంటగా, అర్థంతో కలిపి ఇచ్చుకోవాలి. విల్ నాట్ వోంట్ ఎందుకయిందంటే పాత ఇంగ్లీషు మాటతీరు అలా మిగిలిందని చెప్పి ముందుకు పోవాలి. అమెరికా ఇంటి బడుల పత్రాలను తెచ్చి తెలుగుకు అచ్చు దించడం దండగ పని. వాటి నుంచి తీసుకోదగ్గది ఒక్కటే: పడిపోయిన చోటును చూపే గుర్తు. తెలుగులో గుర్తు లేదు కనక పలక మీద సుద్దముక్కతో పిల్లే ఒకటి పెట్టుకోవచ్చు. యేసు రాసి, అయ్య రాసి, ఉకారం కొమ్మును వేలితో తుడిచేస్తే చాలు. తుడిచిన మరక కనబడుతూ ఉంటుంది. అంతకన్నా మంచి అపాస్ట్రఫీ లేదు.

శిక్షణ లేని ఇంటివాళ్లు ఇదంతా చేయగలరా అన్నది చివరి పేచీ. ఇంటి పెద్దలే గురువులన్నది క్రైస్తవంలో పాత మాట. ఇంట్లో కూచున్నా దారిలో నడిచినా పిల్లలకు చెబుతూ ఉండమన్నది ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం. తిమోతి విశ్వాసానికి అమ్మమ్మ లోయినీ తల్లి యునీకేనూ పౌలు పేరెత్తి గుర్తుచేశాడు. 1529లో లూథర్ తన చిన్న ప్రశ్నోత్తరిని ఇంటి యజమాని ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడానికే రాశాడు. పైన చెప్పిన పనిలో ముప్పాతిక భాగం చెవి పని. చదువు రాని అవ్వ కూడా యాభై ఏళ్లుగా గుడిలో విన్న నిడు మాటలు అప్పజెప్పగలదు. మనవరాలి కురచ మాటకు అవ్వ నిడు మాట జోడీ అయితే ఆ ముప్పాతిక పాఠం అయిపోయినట్టే. మిగతా పావు, అంటే రాత, అక్కడ ఇంటి బడి బలహీనమే. ఒత్తు ఎక్కడ పడాలి, ఇంట్లోలో టకు లావత్తా, ళ్లో రాసేటప్పుడు ఏ ల ఏ ళ అన్నవి అక్షరం బాగా వచ్చినవాళ్లే దిద్దగలరు. ఇంట్లో చెబితే అన్నీ బాగా వస్తాయనే ఉత్సాహపరుల మాట నమ్మదగ్గది కాదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడి చదువును హక్కుగా చేసింది. ఈ సీమ పిల్లకు బడి కన్నడ ఇస్తుంది, లెక్కలు ఇస్తుంది, తోటిపిల్లలను ఇస్తుంది. ఇల్లు ఇవ్వాల్సింది తెలుగు ఒక్కటే. అదీ రోజుకు పది నిమిషాల పని.

వాడుక భాషలో వచ్చిన కొత్త బైబిలు అనువాదాలు ఉండగా పాతదెందుకని అడిగేవాళ్లకు, పాతదాన్ని తీసేయకుండా కొత్తదాన్ని పక్కన పెట్టుకోమని సలహా. ఒకే వచనం రెండింట్లో చదివి, ఏ మాట ఎక్కడ కురచయిందో వేలు పెట్టి చూపించమంటే చాలు. ఏ అచ్చు పుస్తకంలోనూ ఇంత చవకైన అభ్యాసం దొరకదు. అనెనుకు అన్నాడు, చేయుదురుకు చేస్తారు, ఉన్నదికి ఉంది. పిల్ల మూడో నిలువు వరసకు చోటు అడగొచ్చు: అమ్మ నోటి మాట ఎక్కడ రాయాలి అని. అన్న్యాడు, చేస్తారు, ఉండాది. ఆ వరసను అచ్చేసిన పుస్తకం లేదు. పలక మీద ఆమె చేతే రాయించాలి, అక్షరాలు ఆమె చెవికి ఎట్లా వినబడితే అట్లా.